మా తాత, నల్లజీడి, సలాలా పటాలం

రష్యాలో రాజును దించడానికి లక్షల మంది సిపాయిలు తిరగబడాల్సి వచ్చిందట. మా తాత ఇస్తారి ఒక్కడే, రెండు గుప్పిళ్ల నల్లజీడి గింజలతో, సలాలా కొండల కింద ఒక కంపెనీ సిపాయిలను పది రోజులు కదలకుండా కూర్చోబెట్టాడు. ఇంగ్లీషు కప్తాన్ చేత చొక్కా విప్పించాడు. తుపాకీ పట్టలేదు, జెండా పట్టలేదు, గట్టిగా ఒక మాటైనా అనలేదు. ఈ లెక్కన రష్యావాళ్లందరికన్నా మా తాతే గొప్పవాడు.

ఈ మాట నేను పెళ్లిళ్లలో, బస్సుల్లో, రేషన్ దుకాణం ముందు లైన్లో అందరికీ చెప్తుంటాను. తాత దగ్గర్లో లేనప్పుడే చెప్తాను. ఉంటే చేతికర్ర విసురుతాడు. గురి మాత్రం లేదు. ఇప్పటిదాకా ఆ కర్ర తగిలింది మా బర్రెకే.

నిజానికి మా తాతంత భయస్థుడు చుట్టుపక్కల నాలుగూళ్లలో లేడు. సూది వేయించుకోవడానికి వెళ్తే అవ్వ చేయి పట్టుకొని కళ్లు మూసుకుంటాడు. ఖాకీ చొక్కా కనిపిస్తే చాలు, వచ్చినవాడు కరెంటు బిల్లు ఇచ్చేవాడైనా సరే, లేచి చేతులు కట్టుకొని నిలబడతాడు. "బిల్లుకే గంత భయమైతే పోలీసొస్తే ఏం జేస్తవయ్యా" అని మా అవ్వ గౌరవ్వ నవ్వుతుంది. తాత నవ్వడు. ఖాకీ రంగుతో ఆయనకున్న సంబంధం వేరు. కొన్ని వందల ఖాకీ చొక్కాలు ఆయన చేతుల మీదుగా పోయాయి. వాటిలో ఒక్కో కాలరూ ఆయనకు ఇప్పటికీ గుర్తే.

మేము చాకలివాళ్లం. మాది జగిత్యాల దగ్గర పల్లె. తాత వయసులో ఉన్నప్పుడు బొంబాయి పోయి నాలుగేళ్లు దోభీఘాట్‌లో బట్టలు ఉతికాడు. అక్కడే హిందీ, ఉర్దూ కలగలిపి మాట్లాడడం నేర్చుకున్నాడు. చదువంటారా, నేనే ఎనిమిదిలో ఆగిపోయాను, తాత అసలు బడి గుమ్మమే ఎక్కలేదు. 1973 చివర్లో ఒక కాంట్రాక్టర్ వచ్చి, మస్కట్ దేశంలో పటాలం బట్టలు ఉతకాలి, వస్తావా అన్నాడు. ఎడారి దేశం కదా, తాడు మీద వేసిన బట్ట వెనక్కి తిరిగి చూసేలోగా ఆరిపోతుందని తాత సంబరపడి ఒప్పుకున్నాడు.

సలాలాలో దిగి చూస్తే కొబ్బరిచెట్లు, అరటితోటలు, సముద్రం. తనను ఎక్కించుకున్నవాళ్లు దారి తప్పి కేరళలో దించారేమోనని అనుమానపడ్డాడట. ఆ అనుమానం సాయంత్రం దాకే. పొద్దు కుంకే వేళకు వెనక కొండల్లోంచి పెద్ద చప్పుడొకటి వచ్చింది. చేతిలో ఉన్న చాయ్ గ్లాసు పడేసి తాత బల్ల కిందికి దూరాడు. అక్కడున్నవాళ్లు నవ్వారు. "రోజూ ఉండేదే భాయ్, లేచి ఇంకో చాయ్ తాగు" అన్నారు.

ఆ కొండల్లో ఆ దేశాన్ని ఏలే సుల్తాన్ మీద తిరగబడ్డవాళ్లు ఉన్నారు. వాళ్లది ఎర్రజెండా. కింద మైదానంలో సుల్తాన్ తరఫు పటాలం. మధ్యలో మా తాత, సబ్బుబిళ్ల.

తాత పని చేసిన క్యాంపులో ఒక కంపెనీ సిపాయిలుండేవాళ్లు, ఎనభై మంది లోపు. చాలామంది బలూచీలు, సముద్రం అవతలి ఒడ్డు నుంచి వచ్చినవాళ్లు. పైన ఒక ఇంగ్లీషు కప్తాన్. స్టోర్‌లో లెక్కలు రాసేది కాకినాడ నుంచి వచ్చిన నాగేంద్రప్రసాద్ అనే గుమాస్తా. క్యాంపు మొత్తంలో తాతకు తెలుగు వినిపించేది ఆయన నోట్లోంచే. ఆ తెలుగు కూడా సగం అర్థమయ్యేది కాదంటాడు తాత.

ఇక్కడ మా కులపు పని గురించి కొంచెం చెప్పాలి. చదువు రాని చాకలి ఎవరి బట్ట ఎవరిదో ఎలా గుర్తుపడతాడు? నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ పసరుతో బట్ట అంచున గుర్తు పెడతాడు. చుక్క, గీత, కొడవలి వంక, కోడికాలు, ఇంటికొక గుర్తు. ఆ నలుపు బట్ట చిరిగేదాకా పోదు. గుర్తు మనిషికి కాదు, ఇంటికి. ఆ ఇంట్లో ఏ చొక్కా తండ్రిదో ఏది కొడుకుదో చేతికి తెలిసిపోతుంది. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. బట్టల్లో ఏ మరక చూసినా, ఏ వస్తువు దొరికినా, ఏ ఇంటి సంగతి ఇంకో ఇంట్లో చెప్పకూడదు. చెప్పిన చాకలికి మరునాటి నుంచి ఎవరూ మూట వేయరు.

క్యాంపులో ఇళ్లు లేవు. ఉన్నవి డేరాలు, వరుసలు. తాతకు ఏం చేయాలో తోచలేదు. మూడు రోజులు చూశాడు. సిపాయిలు ఏడెనిమిది మంది చొప్పున ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చొని, అందులోంచే అందరూ చేతులు పెట్టి తింటున్నారు. అదీ సంగతి అనుకున్నాడు. ఒక పళ్లెంలో తిన్నవాళ్లు ఒక ఇంటివాళ్లు. పళ్లేనికొక గుర్తు చొప్పున పదకొండు గుర్తులు పెట్టాడు. గుమాస్తాకు వేరే గుర్తు, ముక్కోణం. కప్తాన్ చొక్కాలు పెద్దవి, తెల్లటి దారంతో కుట్టినవి, వాటికి గుర్తే అక్కర్లేదు.

వజీర్ అనే సిపాయి పళ్లెం గుర్తు రెండు చుక్కలు, కింద ఒక గీత.

ఎడారి అనుకున్నది కాస్తా జూన్ చివరకు మారిపోయింది. సముద్రం మీద నుంచి మంచు దిగింది. వానా కాదు, పొగమంచూ కాదు, ఆకాశం చెమట పట్టినట్టు రోజంతా తుంపర. అక్కడివాళ్లు దాన్ని ఖరీఫ్ అంటారు. కొండలు పచ్చబడతాయి, పై దేశాలవాళ్లకు చూడ ముచ్చట. చాకలివాడికి చావు. మూడు నెలలు ఎండ మొహం కనిపించదు. ఉతికిన చొక్కా నాలుగో రోజు పిండినా నీళ్లు కారతాయి.

తాత క్యాంపు అంచున ఉన్న పాత షెడ్డులో తాళ్లు కట్టి, మధ్యలో బొగ్గుల కుంపట్లు పెట్టి బట్టలు ఆరబెట్టడం మొదలుపెట్టాడు. క్యాంపు మొత్తానికి వెచ్చగా పొడిగా ఉన్న చోటు అదొక్కటే. తడిసిన సిపాయిలు డ్యూటీ దిగి కాళ్లు కాచుకోవడానికి వచ్చి కూర్చునేవాళ్లు. అందరికన్నా ఎక్కువగా వచ్చేది వజీర్, అతని పళ్లెంలోని ఆరుగురు.

వజీర్ సన్నగా పొడుగ్గా ఉండేవాడు. పటాలంలో చేరకముందు కరాచీ రేవులో పని చేశాడు. అక్కడ యూనియన్ వాళ్లతో తిరిగి నాలుగు పుస్తకాలు చదివాడు. ఆవిరిలో చొక్కాలు వేలాడుతుంటే, వాటి కింద కూర్చొని రష్యా సంగతి చెప్పేవాడు. చెప్పడం కథ చెప్పినట్టే.

"మన తాతల కాలంలో సంగతి. అక్కడా సిపాయిలు ఇట్లాగే బురదలో నిలబడ్డారు. ఎవరి యుద్ధమో తెలియదు. ఇంటి దగ్గర గోధుమ కోసేవాళ్లు లేరు. సెలవడిగితే తన్నులు. ఒకరోజు రాజధానిలో రొట్టె కోసం వచ్చిన ఆడవాళ్ల మీద కాల్చమన్నారు. మొదట కాల్చారు. తర్వాత కాల్చం అన్నారు."

"కాల్చకపోతే వాళ్లను కాల్చరా?" అని రహీం అడిగాడు. రహీం ఆ పళ్లెంలో అందరికన్నా చిన్నవాడు. తండ్రి చనిపోయాడన్న ఉత్తరం రెండు నెలలు ఆలస్యంగా అందిన దగ్గర్నుంచి సరిగ్గా తినడం లేదు.

"ఒక్కడైతే కాలుస్తారు. అందరూ కలిసి అంటే ఎవర్నని కాలుస్తారు? కంపెనీకి ఇంతమంది అని మనుషుల్ని ఎన్నుకున్నారు. కమిటీ. ఇకనుంచి తుపాకులు కమిటీ చెప్పినట్టే అన్నారు. రాజు దిగిపోయాడు."

తాత ఇస్త్రీ చేస్తూ వింటున్నాడు. ఉండబట్టలేక అడిగాడు. "వజీర్ భాయ్, రాజు పోయినంక రాజుగారి బట్టలు ఎవరుతికిన్రు?"

"ఆయనవి ఆయనే ఉతుక్కొని ఉంటాడు."

"మరి అక్కడి చాకలోళ్లు ఏం తిన్నరు?"

అందరూ నవ్వారు. వజీర్ కూడా నవ్వి, "నీకూ ఒక కమిటీ పెడతాం ఇస్తారి భాయ్, దిగులుపడకు" అన్నాడు. తాత దిగులుపడ్డాడు. ఇలాంటి మాటలు తన షెడ్డులో జరుగుతున్నాయని ఎవరికైనా తెలిస్తే ఏమవుతుందోనని ఆ రోజు నుంచి గుమ్మం వైపు తిరిగే ఇస్త్రీ చేసేవాడు. చూపు గుమ్మం మీద ఉండడంతో రెండు చొక్కాలు మాడాయి.

ఆగస్టులో కంపెనీని కొండ పైకి పంపుతారన్న కబురు వచ్చింది. సెలవు రావలసినవాళ్లు ముప్పై మంది దాకా ఉన్నారు. పైకి పోతే ఇంకో ఆరు నెలలు సెలవు మాట ఉండదు. అసలు తిరిగి దిగుతామో లేదో కూడా తెలియదు. అన్ని పళ్లేలవాళ్లూ మాట్లాడుకున్నారు. ముందు సెలవులు, తర్వాతే కొండ. ఆ మాట రాసి కప్తాన్‌కు ఇవ్వాలి. కానీ కింద పేర్లు రాస్తే మొదటి పేరువాడు మొదట పోతాడు.

అప్పుడు వజీర్ తాత దగ్గరికి ఒక తెల్ల గుడ్డ తెచ్చాడు. పైన ఇంగ్లీషులో నాలుగు వరుసలు రాసి ఉన్నాయి.

"దీని కింద మా గుర్తులు పెట్టు భాయ్. పదకొండు గుర్తులు. గుండ్రంగా పెట్టు, మొదలూ చివరా లేకుండా."

"ఏమిటికి?"

"సెలవు కోసం. నీ గుర్తు నీకు తప్ప ఎవరికీ చదవరాదు కదా."

తాతకు అది పొగడ్తలా వినిపించింది. సొంత రాత ఒకటి తనకుందని, దాన్ని సిపాయిలు గౌరవిస్తున్నారని మురిసిపోయాడు. జీడిగింజ పొడిచి పదకొండు గుర్తులూ చక్కగా గుండ్రంగా పెట్టాడు. సున్నం అద్దాడు, కుంపటి మీద ఆరబెట్టి ఇచ్చాడు. ఇస్త్రీ కూడా చేసి ఇచ్చాడట. మా తాత పని అంతే, తిరుగుబాటు కాగితమైనా మడత నలగకూడదు.

మర్నాడు పొద్దున ఆ గుడ్డ కప్తాన్ డేరా తలుపుకు వేలాడుతూ కనిపించింది. ఆ రోజు సిపాయిలెవరూ కొండకు పోవడానికి మూటలు కట్టుకోలేదు.

మధ్యాహ్నం నాగేంద్రప్రసాద్ గొడుగు వేసుకొని షెడ్డుకు వచ్చాడు. ఎప్పుడూ చొక్కా అడగడానికి వస్తే కేక వేసేవాడు, ఈసారి చిన్నగా మాట్లాడాడు.

"ఏవయ్యా ఇస్తారీ, ఆ గుడ్డ మీద బొమ్మలు చూశావా?"

"ఏ బొమ్మలు సారూ? నాకెర్కలే."

"నాకూ తెలీదనే అనుకుంటున్నాను." ఆయన తన కాలర్ వెనక్కి తిప్పి ముక్కోణం చూపించాడు. "కప్తాన్ వేళ్లతో రుద్దాడు, సబ్బు పెట్టి రుద్దాడు, పోలేదు. కొండల్లోంచి వచ్చిన రహస్య లిపి అంటున్నాడు. రష్యావాళ్లు నేర్పారంటున్నాడు. శుక్రవారం సామాన్ల తనిఖీ. వాడు ఎవడి కాలరైనా తిప్పి చూశాడంటే అయిపోయింది. రాసినవాణ్ణి, రాయించినవాణ్ణి గోడకు నిలబెడతారని అనుకుంటున్నారు."

"గోడకు నిలవెట్టుడంటే?"

నాగేంద్రప్రసాద్ వేలిని తుపాకీలా చాచి చూపించాడు. గొడుగు విప్పుకొని వెళ్లిపోయాడు.

తాత కుంపటి పక్కనే కూలబడ్డాడు. చుట్టూ తాళ్ల మీద రెండు వందల చొక్కాలు, ప్రతి కాలర్ లోపలా తన రాత. మురిసిపోయిన రాత ఇప్పుడు వేలెత్తి తననే చూపిస్తున్నట్టు అనిపించింది. తన తర్వాత వజీర్. వజీర్ తర్వాత ఆ ఆరుగురు, రహీంతో సహా. గుర్తులు చదవగలిగినవాడు ప్రపంచం మొత్తంలో తనొక్కడే. తన నోరు, ఈ కాలర్లు, రెండే సాక్ష్యాలు. నోరు సంగతి తర్వాత, ముందు కాలర్లు.

అది మంగళవారం. శుక్రవారం లోపల గుర్తులు మాయం కావాలి. ఉతికితే పోవు, గీకితే బట్ట చిరుగుతుంది. అందుకని మా తాత తన జన్మలో చేసిన అన్ని పనుల్లోకీ పెద్ద తెలివితక్కువ పని చేశాడు. ప్రతి గుర్తు మీదా రూపాయి బిళ్లంత నల్ల మచ్చ పెట్టాడు. చుక్కా లేదు, గీతా లేదు, అన్నీ ఒకటే నల్లటి గుండ్రం.

రెండు వందల మచ్చలంటే మాటలు కాదు. బొంబాయి నుంచి తెచ్చుకున్న సంచిలో మిగిలిన రెండు గుప్పిళ్ల గింజలూ రాతి మీద చితక్కొట్టాడు. తొందరలో పసరు అంగుళం పక్కకు కారేది. బయట ఎవరి బూటు చప్పుడైనా గింజలను బొగ్గుల బుట్ట కింద దాచి, దేవుడి పేరు తలుచుకుంటూ ఉత్త ఇస్త్రీపెట్టె తిప్పేవాడు. సిపాయిల ఒంటి మీది చొక్కాలు కూడా కావాలి కదా. పొడి చొక్కా ఇస్తాను, తడిది విప్పండి అని ఒక్కొక్కరినీ పిలిచాడు. ఖరీఫ్‌లో పొడి చొక్కా అంటే ఎవడు కాదంటాడు? గురువారం పొద్దుటికల్లా అందరి మెడ కిందా నల్ల మచ్చ చేరింది. అందరివీ నల్లగా ఉండి కప్తాన్‌వి మాత్రమే తెల్లగా ఉంటే అనుమానం వస్తుందని, ఆయన చొక్కాలకూ పెట్టాడు.

మా ఇళ్లలో చిన్నపిల్లకు కూడా తెలిసిన సంగతి ఒకటుంది. జీడి పసరు పచ్చిగా ఒంటికి తగలకూడదు. గుర్తు పెట్టాక సున్నం అద్ది, ఎండబెట్టి, ఉతికి అప్పుడివ్వాలి. లేకపోతే పొక్కులొస్తాయి, ఆ పొక్కు నిప్పు మీద పడ్డట్టు మండుతుంది. గుడ్డకు గీకి అద్దింది పోగా మిగిలిన సున్నం బస్తా వానకు తడిసి రాయిలా గడ్డకట్టింది. ఎండ లేదు. ఉతికే టైము లేదు. తాతకు ఈ సంగతి గుర్తు రాలేదా అంటే, వచ్చిందట. కానీ పొక్కుల భయం చిన్నది, గోడ భయం పెద్దది.

గురువారం సాయంత్రానికి మెడలు ఎర్రబడ్డాయి. శుక్రవారం పొద్దున తనిఖీ లేదు. డేరాల్లో సిపాయిలు చొక్కాలు విప్పి బోర్లా పడుకొని మూలుగుతున్నారు. మెడ వెనక అరచేయంత మేర పొక్కులు, కొందరికి వీపు మీదికి, చెవుల దాకా. మూట భుజాన వేసుకోవడం మాట అటుంచి తుపాకీ పట్టీ తగిలితే అరుస్తున్నారు. కొండెక్కడం వాయిదా పడింది. ఆ కబురుకు డేరాల్లో ఎవరూ సంతోషించలేదు, సంతోషించే ఓపిక లేదు. వజీర్ మెడ అరటిబోదెలా వాచింది. రహీం జ్వరంతో మాట్లాడుతున్నాడు.

తాత వాళ్ల మధ్య తిరుగుతూ కొబ్బరినూనె రాశాడు. ఆయన వేళ్ల సందుల్లోనూ పొక్కులే. వజీర్ తల ఎత్తకుండానే అడిగాడు.

"ఇది నీ పనేనా భాయ్?"

"గుర్తులు కనవడొద్దని చేసిన."

"నువ్వు కొండల్లోవాళ్లకన్నా ప్రమాదం" అన్నాడు వజీర్. నవ్వబోయి, మెడ లాగి, ఆపేశాడు. తర్వాత చిన్నగా, "వాళ్లు నిన్ను పిలుస్తారు. రహీం పేరు మాత్రం చెప్పకు. మిగతాది నీ ఇష్టం" అన్నాడు.

ఆ మాటతో తాతకు ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. అప్పటిదాకా తనను పిలుస్తారని ఆయన అనుకోనే లేదు.

డాక్టర్ వచ్చి చూశాడు. పొక్కు ఎక్కడుందో మచ్చ అక్కడుంది. కాలర్ తిప్పాడు, ఇంకో కాలర్ తిప్పాడు. కప్తాన్ గుడ్డ తెచ్చి మచ్చ పక్కన పెట్టి చూశాడు. ఒకే నలుపు. శనివారం పొద్దున ఇద్దరు సిపాయిలు షెడ్డుకు వచ్చి తాతను తీసుకుపోయారు. క్యాంపు దాటేంత దూరం కూడా లేదు ఆ డేరా, రెండొందల అడుగులు. తాత మధ్యలో రెండుసార్లు కూర్చున్నాడు. వాళ్లు తిట్టలేదు, చేయిచ్చి లేపారు. అది ఇంకా భయపెట్టిందట.

డేరాలో బల్ల, బల్ల మీద ఆ గుడ్డ. గుడ్డ గాలికి ఎగరకుండా దాని మీద పిస్తోలు పెట్టి ఉంది. బల్ల వెనక కప్తాన్, పక్కన మాట తర్జుమా చేయడానికి నాగేంద్రప్రసాద్. గుమాస్తా మెడకు కూడా గుడ్డ చుట్టి ఉంది. ఆయన తాత మొహం చూడడం లేదు.

కప్తాన్ ఏదో అన్నాడు.

"ఈ బొమ్మలు నువ్వే వేశావని తెలుసంటున్నారు" అన్నాడు నాగేంద్రప్రసాద్. "పటాలానికి విషం పెట్టడం అనే దానికి శిక్ష ఏంటో తెలుసా అంటున్నారు. నువ్వు చదువు రానివాడివి, నీ అంతట నువ్వు చేసి ఉండవు, చేయించిందెవరో చెప్తే నిన్ను వదిలేస్తామంటున్నారు."

తాత చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

కప్తాన్ వేలు గుడ్డ మీద పెట్టాడు. పదకొండింటిలో సరిగ్గా ఆ గుర్తు మీదే పెట్టాడు, రెండు చుక్కలు, కింద గీత. ఎందుకు దాని మీదే పెట్టాడో దేవుడికి తెలియాలి.

"ఇది ఎవరిది అంటున్నారు."

తాత గుడ్డ వంక చూశాడు. ఆ చుక్కల్లో ఆయనకు చుక్కలు కనిపించలేదు. మోచేతి దగ్గర చిరిగిన వజీర్ చొక్కా కనిపించింది, చెమటకు తెల్లటి చారలు కట్టే రహీం చొక్కా కనిపించింది. ఇంట్లో గౌరవ్వ, అప్పుడే నడక నేర్చిన మా నాన్న కనిపించారు.

"చెప్పు ఇస్తారీ" అన్నాడు నాగేంద్రప్రసాద్. అది కప్తాన్ మాటో, ఆయన సొంత మాటో తెలియలేదు. "రెండోసారి అడుగుతున్నారు. ఇది ఎవరిది?"

కప్తాన్ ముందుకు వంగాడు. అప్పుడు తాతకు ఆయన మెడ కనిపించింది. ఎర్రటి తోలు మీద పొక్కులు చితికి, కాలర్ పుండుకు అతుక్కుపోయింది. వంగినప్పుడల్లా ఆయన పళ్లు బిగిస్తున్నాడు. కళ్లు లోతుకు పోయి ఉన్నాయి, రెండు రాత్రులు నిద్ర లేనివాడి కళ్లు.

తాత నోట్లోంచి మాట వచ్చింది.

"సారూ, ఆ అంగి ఇప్పుమనున్రి. అట్లనే ఉంచితే తోలు ఊడొస్తది. కొబ్బరినూనె రాయాలె."

నాగేంద్రప్రసాద్ మొదటిసారి తాత మొహంలోకి చూశాడు. "నేను ఇది చెప్పాలా?" అన్నాడు.

"చెప్పున్రి."

ఆయన చెప్పాడు. కప్తాన్ తాత వంక చూశాడు, తాత చేతుల వంక చూశాడు. నల్లబడి, వాచి, వేళ్ల సందుల్లో పగిలిన చేతులు. ఇంగ్లీషులో ఒక్క మాట అన్నాడు. వాకిట్లో ఉన్న సిపాయి పరుగున పోయి నూనె సీసా తెచ్చాడు.

తాత ముందు కాలర్‌ను గోరువెచ్చని నీళ్లతో తడిపి, అంగుళం అంగుళం విడదీశాడు. ఇరవై నిమిషాలు పట్టిందట. నొప్పి పుట్టిస్తే పిస్తోలు దగ్గర్లోనే ఉంది. తర్వాత నూనె రాశాడు. నూనె నడుము దాకా కారింది. కప్తాన్ తల బల్ల మీద, ఆ గుడ్డ మీదే పెట్టుకున్నాడు. కాసేపటికి ఆయన ఊపిరి మారింది. నిద్రపోయాడు. తాత, నాగేంద్రప్రసాద్ ఇద్దరూ ఏం చేయాలో తెలియక గంటసేపు అలాగే నిలబడ్డారు. లేపడానికి ఇద్దరికీ భయమే.

లేచాక కప్తాన్ ఆ గుర్తు మాట ఎత్తలేదు. "చాకలి మూర్ఖుడు, వానకు సున్నం పాడై తప్పు జరిగింది, వెనక్కి పంపించండి" అని రాశాడని నాగేంద్రప్రసాద్ తర్వాత చెప్పాడు. కప్తాన్ అలా రాశాడో, గుమాస్తా అలా రాసి సంతకం పెట్టించాడో తాతకు తెలియదు. అడిగితే ఆయన, "నా కాలర్ మీది మచ్చ కిందా నీ ముక్కోణం ఉంది కదయ్యా, నా భయం నాది" అన్నాడట.

కొండ మీదికి వేరే కంపెనీ పోయింది. వానలు తగ్గాక వీళ్లకు సెలవులు మొదలయ్యాయి. గుడ్డ వల్లో, పొక్కుల వల్లో, రావలసిన టైముకే వచ్చాయో చెప్పినవాళ్లు లేరు. వజీర్ ఇంటికి పోయి తిరిగి పటాలానికి రాలేదని నాగేంద్రప్రసాద్ రాసిన ఉత్తరంలో తెలిసింది. రహీం సంగతి ఎవరూ రాయలేదు. తాతను కాంట్రాక్టర్ తిట్టి తిట్టి విమానం ఎక్కించాడు. ఆ రోజు వజీర్ మెడకు గుడ్డ చుట్టుకొని లారీ దాకా వచ్చి, అందరి ముందూ తాతను కౌగిలించుకొని, "ఈయన సింహం" అన్నాడట. తాత తల దించుకొని లారీ ఎక్కాడు.

ఇదంతా రాసి, నిన్న మధ్యాహ్నం తాతకు చదివి వినిపించాను. అవ్వ పొక్కుల దగ్గర పడీపడీ నవ్వింది. తాత కర్ర విసరలేదు. చివరిదాకా విని అన్నాడు.

"సింహం గింహం కొట్టెయ్ పోరీ. వజీర్ పేరు నా నాలిక మీదికొచ్చింది. మూడోసారి అడిగితే చెప్పేటోన్నే. కప్తాన్ అడగలే. గంతే."